కుక్క పడక: పరిశుభ్రత, నిర్వహణ

పెంపుడు కుక్క నిద్రకూ విశ్రాంతికీ రోజూ వాడే పరుపు, బొంత, దుప్పటి, గోనెపట్టా, మంచం మొదలైన వాటినీ, అవి పరచి ఉన్న చోటునూ కలిపి కుక్క పడక అనవచ్చు. పెరిగిన కుక్క రోజులో దాదాపు సగం సమయాన్నీ, కూనలూ ముసలి కుక్కలూ అంతకంటె ఎక్కువ సమయాన్నీ నిద్రలోనో కునుకుపాటులోనో గడుపుతాయి. అందువల్ల వాటి ఒంటి నుంచి రాలే వెంట్రుకలు, చర్మపు పొట్టు, చొల్లు, చెవి గులిమి, పుండ్ల రసి, ఒక్కోసారి మూత్రం కూడా చివరకు పడకలోకే చేరుతాయి. కుక్క రక్తం తాగి బతికే కీటకాలలో కొన్ని తమ జీవితంలో ఎక్కువ కాలాన్ని కుక్క మీద కాక పడకలోనూ దాని చుట్టుపక్కల సందుల్లోనూ గడపడం వల్ల, పడక శుభ్రత పశువైద్యంలో చర్మవ్యాధుల నివారణకూ పరాన్నజీవుల అదుపుకూ సంబంధించిన అంశమైంది. తెలుగు ఇళ్లలో శుభ్రత అనగానే ఫినాయిల్ వాసన గుర్తుకు రావడం పరిపాటి అయినా, ఈ పనిలో రసాయనాల వాటా చిన్నది. దులపడం, ఉతకడం, లోపలి దాకా ఆరబెట్టడం అనే మూడింటి వాటా పెద్దది.

పూర్వ చరిత్ర

కుక్క ఎక్కడ పడుకోవాలన్న విషయాన్ని మొదట పట్టించుకున్నవారు వేటగాళ్లు. క్రీ.శ. 2వ శతాబ్దానికి చెందిన గ్రీకు రచయిత ఆరియన్, వేట జాగిలాలను గురించిన తన గ్రంథంలో వాటికి మెత్తని, వెచ్చని పడక కావాలనీ, మనిషి పక్కన పడుకోనివ్వడం ఇంకా మేలనీ సూచించాడు. ఫ్రాన్సు దేశంలో ఫ్వా ప్రాంతపు ప్రభువైన గాస్తాఁ ఫీబస్ 1387లో రాయడం మొదలుపెట్టిన వేట గ్రంథంలోనూ, 15వ శతాబ్దపు తొలి ఏళ్లలో యార్క్ డ్యూక్ ఎడ్వర్డ్ దానిని ‘మాస్టర్ ఆఫ్ గేమ్’ పేరుతో ఇంగ్లీషులోకి తెచ్చినప్పుడు చేర్చిన వివరాలలోనూ జాగిలాల కొట్టం నిర్వహణ గురించి ఆశ్చర్యం కలిగించేంత నిశితమైన సూచనలు కనిపిస్తాయి. కొట్టాన్ని ప్రతి ఉదయం ఊడ్చి శుభ్రం చేయాలనీ, గడ్డి మార్చాలనీ, నేల చెమ్మ తగలకుండా అడుగెత్తు చెక్క తట్టు వేసి దాని మీదనే గడ్డి పరచాలనీ, మూత్రం పోయడానికి వీలుగా అక్కడక్కడ గడ్డి చుట్టిన రాళ్లు పాతాలనీ వాటి సారాంశం. సూక్ష్మజీవుల సంగతి ఎవరికీ తెలియని కాలంలో రాసినా, పడకను నేల నుంచి ఎత్తి ఉంచడం, తడిని దూరంగా ఉంచడం, పడక సామగ్రిని తరచుగా మార్చడం అనే ఆ మూడు సూత్రాలలో ఈనాటి కెన్నెళ్లు మార్చుకోవలసింది దాదాపు ఏమీ లేదు.

తెలుగు పల్లెల్లో కాపలా కుక్కకు ప్రత్యేకంగా పడక వేసే అలవాటు తక్కువ. అది చలికాలంలో పొయ్యి బూడిద పోసిన కుప్పలోనో, గడ్డివాము మొదట్లోనో, వేసవిలో నీళ్లకుండ దగ్గరి చల్లని నేల మీదనో చోటు వెతుక్కునేది. కొల్లేరు పరిసరాలలో కనిపించే పొట్టి వెంట్రుకల జోనంగి జాతి, నేలలో గుంత తవ్వుకుని పడుకునే అలవాటుకు పేరు పొందింది. ఆరుబయట తిరిగే కుక్క చోటు మారుస్తూ ఉంటుంది కనుక ఒకే చోట పరాన్నజీవులు పేరుకుపోవడానికి అవకాశం తక్కువ. ఇంట్లోకి వచ్చి, ఒకే పరుపు మీద ఏళ్ల తరబడి పడుకోవడం మొదలైన తరువాతే పడక శుభ్రత ఒక సమస్యగా మారింది.

పడకలో చేరే మురికి

కుక్క చర్మంలోని తైలగ్రంథులు స్రవించే జిడ్డు వెంట్రుకల వెంట పడక గుడ్డకు అంటి, దానిపై దుమ్మూ చర్మపు పొట్టూ అతుక్కోవడం వల్ల కొంతకాలానికి గుడ్డ మీద నల్లటి, కాస్త జిగురుగా ఉండే పొర ఏర్పడుతుంది. చర్మం మీద సహజంగా ఉండే మలసీజియా అనే ఈస్ట్ జాతి శిలీంధ్రానికీ, అనేక రకాల బాక్టీరియాకూ ఈ జిడ్డే ఆహారం. వాటి జీవక్రియలో పుట్టే ఆవిరి పదార్థాలు పొడిగా ఉన్నప్పుడు గుడ్డను పట్టుకుని ఉండి, తడి తగలగానే గాలిలోకి విడుదలవుతాయి. వానాకాలంలో, నిన్నటి దాకా వాసన లేని పరుపు ఒక్కసారిగా ‘కుక్క కంపు’ కొట్టడానికి కారణం ఇదే.

చర్మపు పొట్టును తిని బతికే ధూళి మైట్లు అనే కంటికి ఆనని జీవులు కూడా పడకలో పెరుగుతాయి. వాటి విసర్జితాలు కుక్కలకూ మనుషులకూ ఎలర్జీ కలిగించగలవు. మనుషులలో కుక్కల వల్ల వచ్చే ఎలర్జీకి ముఖ్య కారణమైన ‘కాన్ ఎఫ్ 1’ అనే మాంసకృత్తి కుక్క లాలాజలంలోనూ చర్మపు పొట్టులోనూ ఉంటుంది. అందువల్ల ఇంట్లో ఉబ్బసం ఉన్నవారుంటే కుక్కను కడగడంతో పాటు దాని పడకను ఉతకడమూ అంతే అవసరం.

మూత్రపు వాసన తీరు వేరు. అప్పుడే పోసిన మూత్రానికి ఘాటు తక్కువ. అందులోని యూరియాను బాక్టీరియా విడగొట్టి అమోనియాగా మార్చే కొద్దీ ఘాటు పెరుగుతుంది కనుక, వెంటనే నీళ్లతో జాడించిన గుడ్డకు మరునాటికి ముట్టుకున్న గుడ్డకంటె సగం శ్రమే పడుతుంది. వాసన పూర్తిగా పోకపోతే కుక్క ఆ చోటును మూత్రవిసర్జనకు అనువైన స్థలంగా గుర్తుపెట్టుకుని మళ్లీ అక్కడే పోస్తుంది. అత్తరు వాసనలతో ఆ గుర్తును కప్పిపుచ్చడం కుక్క ముక్కు దగ్గర సాధ్యం కాదు.

ఫ్లీలు

పశువైద్యులు ఫ్లీ అని పిలిచే కీటకం రెక్కలు లేనిది, పక్కలు నొక్కినట్లుగా పలచగా ఉండి, వెనుక కాళ్ల బలంతో ఎగిరి గెంతేది. పెంపుడు కుక్కల మీద ప్రపంచమంతటా ఎక్కువగా కనిపించేది, పేరుకు పిల్లి ఫ్లీ అయిన టెనోసెఫాలిడిస్ ఫెలిస్. ఆడ ఫ్లీ కుక్క మీదనే ఉండి, రక్తం తాగి, రోజుకు 40 నుంచి 50 దాకా గుడ్లు పెట్టగలదు. ఆ గుడ్లు నున్నగా, అర మిల్లీమీటరు పొడవుతో, ఉప్పురవ్వలా ఉండి వెంట్రుకలను పట్టుకోలేక జారిపోతాయి. కుక్క ఎక్కడ ఎక్కువసేపు పడుకుంటే అక్కడే ఎక్కువగా రాలతాయి. కొద్ది రోజులలో వాటి నుంచి వెలువడే డింభకాలు, అంటే పురుగు రూపంలో ఉండే పిల్ల దశలు, వెలుతురు గిట్టక పరుపు అడుగుకూ కుట్ల మధ్యకూ పాకిపోయి, పెద్ద ఫ్లీలు విసర్జించిన ఎండు రక్తపు పొడిని తిని పెరుగుతాయి. ఆ తరువాత అవి దుమ్ము అంటుకునే పట్టుగూడు అల్లుకుని ప్యూపా దశలోకి పోతాయి. గూటిలోని ఫ్లీ నెలల తరబడి కదలక ఉండి, పైన ఏ ప్రాణి అయినా పడుకున్న ఒత్తిడి, ఒంటి వేడి, ఊపిరిలోని బొగ్గుపులుసు వాయువు తగలగానే క్షణాలలో బయటికి దూకుతుంది. వేసవి సెలవులకు తాళం వేసిన ఇంట్లోకి తిరిగి వచ్చిన రోజునే ఫ్లీలు మీద పడ్డాయని యజమానులు చెప్పడంలో వింత లేదు.

ఇంట్లోని ఫ్లీల మొత్తంలో కుక్క మీద కనబడే పెద్దవి 5 శాతం మేరకే ఉంటాయనీ, మిగతావి గుడ్లు, డింభకాలు, ప్యూపాల రూపంలో పరిసరాలలో దాగి ఉంటాయనీ పశువైద్య గ్రంథాలలో తరచుగా కనిపించే అంచనా. అందువల్ల కుక్కకు మందు వేసి పడకను వదిలేసినా, పడకను ఉతికి కుక్కను వదిలేసినా పని సగమే అవుతుంది. వారానికొకసారి ఉతకాలనే నియమానికి ఆధారం కూడా ఇక్కడే ఉంది. గుడ్డు పొదగడానికీ, డింభకం పెరిగి గూడు అల్లుకోవడానికీ మొత్తం మీద వారం దాటి పడుతుంది కనుక, ఏడు రోజులకొకసారి వేడినీళ్ల ఉతుకు పడితే చాలా భాగం గూటి దశకు చేరకముందే పోతాయి. గూటిలో చేరినవి మందుకు తట్టుకోగలవు కనుక, ఫ్లీలు పట్టిన ఇంట్లో ఈ వారపు ఉతుకును కనీసం రెండు మూడు నెలలు ఆపకూడదు. పరుపు పక్కనున్న నేల, గోడ అంచులు, సోఫా మడతలు వాక్యూమ్ క్లీనరుతో లాగి, సంచిని వెంటనే బయట పారవేయాలి.

పడకలో ఫ్లీలు ఉన్నాయా లేదా అని తెలుసుకోవడానికి పరికరాలేవీ అవసరం లేదు. దుప్పటి మీద మిరియాల పొడి చల్లినట్లు కనిపించే నల్లని నలుసులను తడి దూది మీద వేసి ఒక నిమిషం ఆగితే, మామూలు మట్టి అయితే రంగు మారదు. ఫ్లీ విసర్జితమైతే దాని చుట్టూ ఎర్రని, ఇటుకరంగు వలయం పాకుతుంది. అది కుక్క రక్తమే.

ఫ్లీలతో వచ్చే మరో అతిథి డిపిలిడియమ్ కెనైనమ్ అనే బద్దెపురుగు. దీని గుడ్లను ఫ్లీ డింభకాలు మింగుతాయి. పెద్దదైన ఆ ఫ్లీని కుక్క తన ఒళ్లు కొరుక్కుంటూ మింగితే పురుగు దాని పేగులో పెరుగుతుంది. బియ్యపు గింజ అంతటి దాని తునకలు కుక్క మలద్వారం నుంచి జారి పడకలో ఎండి, నువ్వుగింజల్లా కనిపిస్తాయి.

పిడుదులు

తెలుగు నేల మీద కుక్కలు పెంచేవారికి ఫ్లీలకంటె బాగా పరిచయమున్న శత్రువు పిడుదు. గోమారి అనే పేరూ దీనికి వాడుకలో ఉంది. పిడుదులలో పశువులను పట్టేవి వేరు, కుక్కను పట్టే గోధుమరంగు పిడుదు వేరు. రైపిసెఫాలస్ సాంగ్వినియస్ అనే శాస్త్రీయ నామం గల ఈ రెండవ రకం, పచ్చికా పొదలూ లేకుండానే తన జీవితచక్రం మొత్తాన్ని నాలుగు గోడల మధ్య పూర్తి చేసుకోగలగడం దాని ప్రత్యేకత. గుడ్డు నుంచి వచ్చిన ఆరు కాళ్ల పిల్ల, ఆ తరువాతి ఎనిమిది కాళ్ల దశ, పెద్ద పిడుదు, ఈ మూడూ విడివిడిగా కుక్కనెక్కి రక్తం తాగి, ప్రతిసారీ దిగిపోయి పడక చుట్టుపక్కల దాక్కుంటాయి. రక్తం తాగి ఆముదపు గింజ అంత ఉబ్బిన ఆడ పిడుదు ఏ సందులోనో చేరి వేల సంఖ్యలో గుడ్లు పెట్టి చనిపోతుంది. ఇవి పైకి పాకే స్వభావం గలవి కనుక పరుపు కింద వెతికి లేవని సంతోషించినవారికి, పడక వెనుక గోడ మీద, తలుపు చట్రం పగుళ్లలో, కర్టెన్ మడతల్లో కనిపించడం సాధారణం.

నేల నుంచి ఎత్తుగా ఉండి కింద గాలి ఆడుతుంది కనుక నులక మంచం కుక్కకు మంచి పడకే. అయితే నులక ముళ్లూ, పట్టెలూ కోళ్లూ కలిసే బెజ్జాలూ పిడుదులకు అనువైన చోట్లు. నల్లులు పట్టిన మంచాన్ని ఎండలో నిలబెట్టి, సందులలో మరిగే నీళ్లు పోసి, కోళ్లను నేలకు తాటించి దులిపే పాత పద్ధతి పిడుదుల విషయంలోనూ పనికివస్తుంది. గుడ్డ పడకలలో పిడుదును చంపేది నీటికంటె పొడి వేడి. చల్లని నీటిలో మామూలుగా ఉతికిన గుడ్డ నుంచి పిడుదు బతికి బయటపడగలదు. ఉతికిన తరువాత పడే తీవ్రమైన ఎండకో, డ్రయరు వేడికో అది ఎండి చస్తుంది.

ఈ పిడుదు కుక్కలకు ఎర్లికియా, బబీసియా అనే రక్తవ్యాధులను అంటిస్తుంది. మొదటిది తెల్ల రక్తకణాలలో, రెండవది ఎర్ర రక్తకణాలలో చేరే సూక్ష్మజీవుల వల్ల వస్తుంది. మనుషులకు జ్వరమూ ఒంటి మీద దద్దుర్లూ కలిగించే ‘ఇండియన్ టిక్ టైఫస్’ అనే వ్యాధిని మోసేదీ ఇదే. చేతితో పీకిన పిడుదును గోటితో నలపడం ఇళ్లలో తరచుగా కనిపించే అలవాటు. దానికి బదులు సబ్బునీళ్లలోనో స్పిరిట్‌లోనో వేయడం క్షేమం.

తామర, గజ్జి, పార్వో

కుక్కలలో తామరకు ఎక్కువగా కారణమయ్యే మైక్రోస్పోరమ్ కేనిస్ అనే శిలీంధ్రపు సిద్ధబీజాలు, అంటే విత్తనాల వంటి పునరుత్పత్తి కణాలు, రాలిన వెంట్రుకలను అంటిపెట్టుకుని ఏడాదికి పైగా జీవశక్తితో ఉండగలవు. ఇవి పిల్లలకూ పెద్దలకూ సోకుతాయి. ఇటువంటి పడకను కాల్చివేయడమే దారి అనే అభిప్రాయం బలంగా ఉన్నా, సిద్ధబీజాలు రసాయనాలకు చావడంకంటె నీటి ప్రవాహంలో కొట్టుకుపోవడం తేలికనీ, ఎక్కువసేపు తిరిగే ఉతుకు రెండుసార్లు పడితే చల్లని నీటిలోనైనా గుడ్డ శుభ్రమవుతుందనీ ప్రయోగాలలో తేలింది. షరతులు రెండు: వెంట్రుకలన్నీ ముందుగా తీసేయాలి, బకెట్లో కుక్కి నానబెట్టకుండా గుడ్డలు నీళ్లలో స్వేచ్ఛగా తిరిగేటట్లు కొద్దికొద్దిగా వేయాలి.

గజ్జి కలిగించే సార్కోప్టిస్ మైట్ కుక్క చర్మం వదిలిన తరువాత మామూలు గది వాతావరణంలో కొన్ని రోజులకు మించి బతకదు. కనుక ఆ కుక్క పడకను వేడినీళ్లలో ఉతికి, రెండు మూడు వారాలు మూటగట్టి పక్కన పెట్టడమే చాలు.

పార్వో వైరస్ సంగతి పూర్తిగా వేరు. 1978లో ప్రపంచవ్యాప్తంగా ఒక్కసారిగా బయటపడిన ఈ వ్యాధి, టీకా పడని కూనలను రక్తవిరేచనాలతో చంపుతుంది. చుట్టూ కొవ్వు పొర లేని వైరస్ కావడం వల్ల సబ్బుకూ, స్పిరిట్‌కూ, ఇళ్లలో వాడే అనేక క్రిమినాశకాలకూ లొంగదు; నీడపట్టున నెలల తరబడి నిలుస్తుంది. దీని విషయంలో మాత్రం బ్లీచింగ్ ద్రవం తప్పనిసరి. పార్వోతో కూన చనిపోయిన ఇంట్లో దాని పరుపును దాచి, మరుసటి కూనకు వేయడం చేజేతులా వ్యాధిని ఆహ్వానించడమే.

రేబిస్ గురించి అనవసరమైన భయం ఒకటి ప్రచారంలో ఉంది. ఆ వైరస్ ఎండకూ ఆరడానికీ సబ్బుకూ త్వరగా నశిస్తుంది. కాటు ద్వారా, లేదా గాయానికో కంటికో నోటికో తగిలిన తాజా లాలాజలం ద్వారా తప్ప, ఆరిన పడకను ముట్టుకోవడం వల్ల వ్యాధి సోకదు.

పడక సామగ్రి

పడకను ఎంచుకునేటప్పుడు మెత్తదనంకంటె ముందు చూడవలసింది దానిని విప్పి ఉతకడానికి వీలుందా లేదా అన్నది. జిప్పుతో ఊడివచ్చే పై గలీబు, దాని లోపల నీరు పట్టని మరో పొర, ఆ లోపల ఫోమ్ లేదా దూది ఉండే పరుపు ఉత్తమమైనది. ఫోమ్‌కు ఒకసారి తడి లోపలికి దిగితే ఎండాకాలంలో కూడా ఆరడానికి రోజులు పడుతుంది, పైకి ఆరినట్లు కనిపించినా నడుమ బూజు పడుతుంది. బూరుగు దూది తేలికగా, చల్లగా ఉంటుంది గాని ఉతికితే ఉండలు కడుతుంది. పాత చీరలూ పంచెలూ పొరలుగా కుట్టిన బొంత, అంగళ్లలో అమ్మే ఖరీదైన పరుపులలో చాలావాటికంటె మేలు: పలచగా ఉంటుంది, మడిచి ఉతకవచ్చు, ఒక్క పూట ఎండలో ఆరుతుంది, చిరిగితే పారవేయడానికి మనసు వెనుకాడదు. గోనెసంచి దుమ్మునూ పురుగునూ దాస్తుంది. కొరికే అలవాటున్న కూన మింగిన జనపనార పోగులు పేగులకు చుట్టుకునే ప్రమాదమూ ఉంది.

ఉతుకు

మొదటి పని పొడిగా ఉన్నప్పుడే చేయాలి. పడకను ఇంటి బయట దులిపి, రబ్బరు చేతితొడుగుతో ఒకే దిక్కుగా రుద్దితే వెంట్రుకలు ఉండలుగా చుట్టుకుని వస్తాయి. ఈ పని వదిలేసి నేరుగా మిషన్‌లో వేస్తే తడిసిన వెంట్రుకలు ముద్దకట్టి నీరు పోయే గొట్టానికి అడ్డుపడతాయి, మిగతావి గుడ్డకు మరింత గట్టిగా అంటుకుంటాయి. మలం ఉంటే గీకి తీసి, మూత్రం ఉంటే మామూలు నీళ్లలో జాడించిన తరువాతే డిటర్జెంటు ముట్టించాలి. మాంసకృత్తులనూ కొవ్వునూ విడగొట్టే ఎంజైములు కలిసిన డిటర్జెంట్లు చొల్లు, రక్తం, జిడ్డు మరకలకు బాగా పనిచేస్తాయి. మరిగే నీళ్లు పోస్తే ఆ ఎంజైములు చెడిపోవడమే కాక రక్తపు మరక గుడ్డలో గడ్డకట్టుకుపోతుంది. కాబట్టి ముందు గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, తరువాత వేడినీళ్లలో ఉతకడం సరైన క్రమం. ఫ్లీల గుడ్లు, డింభకాలు, ధూళి మైట్లు చావడానికి 60 డిగ్రీల సెల్సియస్ వేడి సరిపోతుంది. భారతదేశంలో అమ్మే పైనుంచి బట్టలు వేసే మిషన్లలో చాలావాటికి హీటరు ఉండదు కనుక, గీజరు నీళ్లో కాగు నీళ్లో పోసి అరగంట నానబెట్టి ఆ తరువాత మిషన్‌లో వేయడం ఆచరణలో ఉన్న మార్గం. చాకిరేవులలో బట్టలను చౌడు నీళ్లతో తడిపి బానలో ఆవిరి మీద ఉడికించే పాత పద్ధతి క్షారం, వేడి అనే రెండింటినీ కలిపి వాడుకునేది. పరాన్నజీవులను చంపడంలో అది నేటి మిషన్ ఉతుకుకు ఏమాత్రం తీసిపోదు.

తెలంగాణ, రాయలసీమ బోరునీళ్ల ఊళ్లలో ఒక అదనపు చిక్కు ఉంది. కఠిన జలంలో సబ్బు నురగ రాక తెల్లని తెట్టుగా మారి పోగుల మధ్య నిలిచిపోతుంది, ఆ తెట్టు కుక్క పొట్ట చర్మాన్ని ఒరిసి దురద పుట్టిస్తుంది. కొద్దిగా చాకలి సోడా కలిపి నీటిని మెత్తబరచడం, ఒకసారికి రెండుసార్లు జాడించడం దీనికి విరుగుడు. సువాసన కోసం వాడే ఫాబ్రిక్ కండిషనర్లు కుక్క పడకకు అక్కరలేదు. కొన్ని కుక్కలు ఆ వాసన భరించలేక ఉతికిన పరుపును వదిలి నేల మీద పడుకుంటాయి. పడక మొత్తాన్ని ఒకే రోజు ఉతకక, దాని వాసన ఉన్న ఒక దుప్పటిని మరునాటికి ఉంచడం బెదురు స్వభావం గల కుక్కలకు ఊరటనిస్తుంది. వ్యాధి ఏదైనా ఉన్న రోజులలో మాత్రం ఈ వెసులుబాటు కుదరదు. కుక్క గుడ్డలు ఉతికిన తరువాత మిషన్‌ను ఒకసారి వేడినీళ్లతో ఖాళీగా తిప్పడం, పసిపిల్లల బట్టలను వాటితో కలపకపోవడం మంచి అలవాట్లు.

ఎండ, ముసురు

గాలిలో తేమ 50 శాతానికి తగ్గితే ఫ్లీ డింభకాలు ఎండి చస్తాయి. 35 డిగ్రీలు దాటిన వేడిని కూడా అవి తట్టుకోలేవు. రోహిణి కార్తెలో మేడ మీద, కాలు మోపలేనంతగా కాలే గచ్చు మీద పరచిన బొంతకు ఇంకే మందూ అవసరం లేదు. అయితే ఎండ పైపొరకే తగులుతుంది కనుక మధ్యాహ్నం ఒకసారి తిరగేయాలి, మందమైన పరుపును నిలబెట్టి రెండు పక్కలా ఎండనివ్వాలి. ఎండలోని అతినీలలోహిత కిరణాలు ఉపరితలం మీది బాక్టీరియాను చంపుతాయి గాని గుడ్డ మడతల్లోకి చొరబడవు.

అసలు పరీక్ష వానాకాలంలోనే. కోస్తా జిల్లాలలో జూన్ చివరి నుంచి నవంబరు దాకా గాలి చెమ్మగానే ఉండి, ఉతికిన గుడ్డ రెండు రోజులైనా లోపల తడి విడవదు. అటువంటి సగం ఆరిన పడకను వేయడం ఉతకని పడకను వేయడంకంటె హానికరం. ఎందుకంటే మురికి కొంత మిగిలే ఉంటుంది, దానికి తోడు తేమ చేరుతుంది. ఆ కాలంలో మందమైన పరుపును ఎత్తి దాచి, పలచని గుడ్డలను మూడు నాలుగు జతలు మార్చుతూ, ఫ్యాను కింద ఆరబెట్టి, ఇస్త్రీ పెట్టె వేడితో చివరి చెమ్మను తీసేయడం తేలిక. వానలో తడిసి వచ్చిన కుక్కను తుడవకుండా పడక ఎక్కనిస్తే ఈ శ్రమంతా వృథా. ఎలుకల మూత్రంతో కలిసిన వాననీళ్ల ద్వారా సోకే లెప్టోస్పైరా బాక్టీరియా, వ్యాధి సోకిన కుక్క మూత్రంలో కూడా బయటికి వస్తుంది. తడి ఉన్నంతసేపు బతికి, ఆరగానే చస్తుంది. కనుక ఈ కాలంలో మూత్రపు పడకను చేతితొడుగులు లేకుండా ముట్టుకోకూడదు.

క్రిమినాశకాలు, వాటి హద్దులు

క్రిమినాశకం శుభ్రమైన గుడ్డ మీదనే పనిచేస్తుంది. మలమూత్రాలు, జిడ్డు ఉన్నచోట బ్లీచింగ్ ద్రవంలోని క్లోరిన్ ఆ మురికితోనే చర్య జరిపి ఖర్చైపోతుంది. ఉతికిన తరువాత ఒక వంతు బ్లీచింగ్ ద్రవానికి 30 వంతుల నీళ్లు కలిపి, గుడ్డను కనీసం పది నిమిషాలు ముంచి, వాసన పోయేదాకా జాడించాలి. మూత్రం ఉన్న గుడ్డ మీద బ్లీచింగ్ పోస్తే అందులోని అమోనియాతో కలిసి క్లోరమీన్లు, వెనిగర్ లేదా మరుగుదొడ్డి కడిగే ఆమ్లంతో కలిపితే క్లోరిన్ వాయువు వెలువడతాయి; రెండూ ఊపిరితిత్తులను దెబ్బతీసేవే.

ఫినాయిల్ రకాలలో ఉండే ఫీనాలు వంటి పదార్థాలు ఆరని పడక మీద కుక్క పొట్ట చర్మాన్ని మంటపెట్టగలవు, కాళ్లు నాకినప్పుడు కడుపులోకీ పోగలవు. బట్టల పెట్టెలో వేసే కలరా ఉండలను కుక్క పరుపు కింద పెట్టడం మరింత ప్రమాదకరం. నాఫ్తలీన్ ఎర్ర రక్తకణాలను చిట్లజేస్తుంది, ఒక్క ఉండ మింగినా చిన్న కుక్కకు ప్రాణాపాయం కలగవచ్చు. కర్పూరం, టీ ట్రీ తైలం విషయంలోనూ జాగ్రత్త అవసరం. ఎండిన వేపాకు పరుపు కింద వేసినంత మాత్రాన హాని లేదు గాని, పట్టిన పిడుదులను అది వదిలించదు. కుక్కల ఫ్లీ మందులలో కొన్నింటిలో ఉండే పెర్మెత్రిన్ పిల్లులకు విషం కనుక, రెండూ ఉన్న ఇంట్లో పడక మీద ఏది చల్లాలన్నా పశువైద్యుని సలహా తీసుకోవాలి.

కూనలు, ముసలి కుక్కలు, రోగులు

అప్పుడే పుట్టిన కూనలు తమంతట తాము మలమూత్రాలు విసర్జించలేవు. తల్లి నాకి, విసర్జింపజేసి, ఆ మలమూత్రాలను తానే తినేసి పడకను శుభ్రంగా ఉంచుతుంది. మూడు వారాల వయసు వచ్చి నడక మొదలైన తరువాత కూన పడుకునే చోటును వదిలి దూరంగా పోయి విసర్జించే ప్రయత్నం చేస్తుంది. ఇంట్లో విసర్జన అలవాట్లు నేర్పే శిక్షణ అంతా ఈ సహజ లక్షణం మీదనే నిలిచి ఉంది. ఇరుకు పంజరంలో, మురికిలోనే పడుకోక తప్పని కూనలలో ఈ లక్షణం మొద్దుబారి, కొన్న తరువాత నెలల తరబడి పడకను తడపడం చూడవచ్చు. ఏలికపాము జాతికి చెందిన టాక్సోకారా పురుగులు కూనలకు తల్లి గర్భంలోనే సోకుతాయి. వాటి గుడ్లు మలంలో వచ్చి పడకకు బంకలా అతుక్కున్నా, ఇతరులకు సోకే స్థితికి రావడానికి రెండు వారాలకు పైగా పడుతుంది. రోజూ గుడ్డలు మార్చే ఇంట్లో వాటికి ఆ వ్యవధి దొరకదు.

ముసలి కుక్కలకూ, నడుము పడిపోయిన కుక్కలకూ పడకే వైద్యశాల. గచ్చు మీద పడుకునే బరువైన కుక్కల మోచేతులు కాయ కాచి, కొన్నిసార్లు నీరు చేరి ఉబ్బుతాయి. మూత్రం ఆపుకోలేని కుక్క తడిలోనే పడి ఉంటే తొడల చర్మం పాసి పుండ్లవుతుంది; ఆ వాసనకు ఈగలు వాలి గుడ్లు పెట్టి, ఒకటి రెండు రోజులలోనే పుండులో పురుగులు పడతాయి. వీటికి నీరు కిందికి జారే వల మంచం మీద, పూటపూటకూ మార్చే పలచని గుడ్డ వేసి, కుక్కను రోజుకు పలుమార్లు పక్కకు తిప్పి పడుకోబెట్టాలి.

పడకను ఉతికేవారికి కుక్క ఆరోగ్యం గురించి ముందుగా తెలుస్తుంది. నిద్రలేచిన చోట గుండ్రని తడి మచ్చ ఆడకుక్కలలో మూత్రాశయపు పట్టు సడలడాన్నీ, గులాబీరంగు మరక మూత్రంలో రక్తాన్నీ, తల ఆనించే చోట గోధుమరంగు జిగురు చెవిపోటునూ, ఒకేచోట కుప్పగా రాలిన వెంట్రుకలు దురదనూ సూచిస్తాయి.

పారవేయడం

కుట్లు విడిపోయి లోపలి ఫోమ్ కనిపించే పరుపును, రెండు ఉతుకుల తరువాత కూడా ఆరగానే వాసన తిరిగి వచ్చే పరుపును, పార్వో సోకిన కూన వాడిన ఉతకలేని పరుపును ఉంచుకోకూడదు. ఫోమ్‌ను పెరట్లో కాల్చడం వల్ల సైనైడ్ వంటి విషవాయువులు వెలువడతాయి కనుక దానిని గట్టి సంచిలో మూతి బిగించి పురపాలక చెత్తబండికి ఇవ్వాలి. పాత పడకను దయతో వీధికుక్కలకు వేయడం పట్టణాలలో చలికాలపు అలవాటుగా మారింది. ఉతకని పరుపు వేస్తే ఇంటి ఫ్లీలూ పిడుదులూ వీధికీ, వీధివి మళ్లీ ఇంటి కుక్కకూ చేరుతాయి. వేడినీళ్లలో ఉతికి, ఎండబెట్టి, వారం పది రోజులకొకసారి మార్చడానికి వీలైన గుడ్డ అయితేనే దానిని గేటు బయట పరచాలి.